ఎడం చేతి నీలం చుక్కలు

మార్చి 4, మంగళవారం

చిన్నీ,

నీ ఉత్తరం శనివారమే అందింది. కూడబలుక్కుని మూడుసార్లు చదివాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, అంటే నిన్న సాయంత్రం వరకు. ఇవాళ పొద్దున మీ బావ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మారు. చూడాలి.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "బాగున్నానక్కా" అని పెట్టేస్తావు, నాకేమో సగం వినపడదు. కాగితం మీదైతే అబద్ధం చెప్పడానికైనా నాలుగు ముక్కలు రాయాలి కదా, ఎక్కడో ఒకచోట దొరుకుతావు.

నీకు పక్షవాతం వచ్చి ఎడం చెయ్యి పడిపోయి, నీ కొడుకు నిన్ను తనతో తీసుకెళ్ళిపోయిన రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఇప్పుడేమో ఆటలాడుతున్నానని రాశావు. చేతికి మంచిదని ఫిజియోథెరపీ ఆవిడే చెప్పిందన్నావు. నీ కోడలు పనిచేసే చెప్పుల షాపు పై అంతస్తులోనే ఆ ఆటల హాలు ఉందన్నావు. పాట వస్తుంటే తెర మీద చుక్కలు జారుకుంటూ వస్తాయి, ఎర్ర చుక్కకి కుడి డప్పు, నీలం చుక్కకి ఎడమ డప్పు కొట్టాలన్నావు. అంతవరకు అర్థమైంది. నూటికి తొంభై ఆరు వచ్చిందని చదివి ఏడుపొచ్చింది. బళ్ళో నీకెప్పుడైనా తొంభై ఆరు వచ్చిందా?

నిలబడి కొడతావా, కూచునా? తూలితే పట్టుకునేదెవరు? ఆ మోతకి గుండె దడ రాదూ? కర్రలు పదిమందీ పట్టుకున్నవేగా, చేతులు కడుక్కుంటున్నావా? "సింగిల్ మోడ్ వదిలేసి ఇంకో మోడ్ ఆడుతున్నాం" అని రాశావు. మోడ్ అంటే ఏమిటే? మొదటిది ఎందుకు వదిలేశావు?

నిన్న నీ టైలరింగ్ కొట్టుకి వెళ్ళాను. పాపం నీతో కలిసి కొట్టు నడిపే ఆ కాజాలావిడ ఒక్కతే కూచుని గుండీలు కుడుతోంది. "జూన్‌లో బళ్ళు తెరుస్తారు, యూనిఫారాల పని వచ్చిపడుతుంది. మీ చెల్లెలు వస్తుందా, రాదా? రాదంటే ఆ సీట్లో ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటాను. నేనెంతకాలమని కాజాలు వేస్తూ కూచోను?" అంది. ఊరుకోలేక నీ తొంభై ఆరు చెప్పేశాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. చెప్పి ఇంటికొచ్చానో లేదో, ఎందుకు చెప్పానా అని దిగులు పట్టుకుంది.

వెంటనే రాయి. వెంటనే అంటే పది రోజులకి కాదు.

మీ అక్క


మార్చి 13, గురువారం

అక్కా,

తొమ్మిది రోజులకే రాస్తున్నాను, గమనించు. కూచునే కొడతాను, ఎత్తు స్టూలు వేశారు. తూలలేదు. చేతులు కడుక్కుంటున్నాను. దడ నాకు లేదు, నీ ఉత్తరం విప్పేటప్పుడు మాత్రం వస్తుంది. బావ తుమ్ములు ఎన్నింటి దాకా వచ్చాయి?

మోడ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. అవే పేక ముక్కలు, బావ రమ్మీ ఆడతారు, నువ్వు గాడిద ఆడతావు. అలాగే ఇదీ. అదే డప్పు, అవే పాటలు, ఆడే పద్ధతులు వేరు. సింగిల్ నాకు పడలేదు. కుదురుగా కూచునేలోపే లేవగొడుతుంది. ఇప్పుడాడేది బాగుంది. కోడలు టీ టైములో పైకొచ్చి పక్కన కూచుని "అత్తయ్యా, రెడీయా? ఇవాళ వంద కొట్టాల్సిందే" అంటుంది. షాపు పిల్లలంతా చుట్టూ చేరతారు. ఎరుపులూ పడుతున్నాయి, నీలాలూ పడుతున్నాయి. మొన్న తొంభై ఏడు.

కాజాలావిడకి ఎందుకు చెప్పావక్కా? చెయ్యి కుదుటపడాలి, డాక్టరు చూడాలి, సవాలక్ష ఉంటాయి. తొందరపడి ఎవరికీ మాటివ్వకు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నీళ్ళు తాగుతున్నాను, నువ్వు అడగక ముందే చెబుతున్నా.

చిన్ని


మార్చి 22, శనివారం

చిన్నీ,

మాటివ్వకు అని నువ్వు రాసే రోజుకే మాట ఇచ్చేశారు. నేను కాదు, కాజాలావిడ. రెండు బళ్ళ యూనిఫారాలు ఒప్పేసుకుందట, నూట ఇరవై జతలు. "తొంభై ఆరు వచ్చిన చేతికి నూట ఇరవై ఒక లెక్కా!" అంటోంది. నా నోరు పడిపోను! ఆ చేతికేమైనా అయితే ఆ నూట ఇరవై మంది పిల్లలు చొక్కాల్లేకుండా బడికెళ్ళేది నా మూలానే.

అందుకని ఆ ఆట ఏమిటో కళ్ళారా చూడాలనిపించింది. మన బజారులో సినిమా హాలు పక్కన ఇలాంటిదే ఒకటి ఉందని ఎదురింటివాళ్ళు చెప్పారు. మీ బావని లాక్కుని వెళ్ళాను. లోపల చీకటి, రంగు దీపాలు, చెవులు చిల్లులు పడే మోత. నీ డప్పుల మిషను ఓ మూలగా ఉంది.

చిన్నీ, తెర మీద చుక్కలు వస్తున్నాయి, డప్పు మోగుతోంది, ముందర ఒక్క మనిషి లేడు. కర్రలు కొక్కేనికి వేలాడుతున్నాయి.

"ఏమండీ, దీన్నెవరు వాయిస్తున్నారండీ?" అన్నాను.

"అదే వాయించుకుంటోంది," అన్నారు మీ బావ.

పాట అయిపోయాక తొంభై తొమ్మిది అని పడింది. పెద్ద చదువు లేకపోయినా అంకెలు నాకొచ్చు. అక్కడే టోకెన్లిచ్చే ఆవిడ బల్ల పట్టుకుని నిలబడ్డాను.

ఇప్పుడు నాకంతా తెలిసిపోయింది. నీ చెయ్యి లేవడం లేదు. అది తనంతట తను వాయించుకుంటుంటే ముందర కూచుని, పడిన అంకె నాకు రాస్తున్నావు. నేను బెంగపెట్టుకోకూడదని రాసుంటావు. బెంగ నాకెలాగూ ఉంటుందే, దానికి అబద్ధం తోడెందుకు? ఒక్క మాట రాయి, చెయ్యి కదులుతోందా, లేదా?

అక్క


మార్చి 31, సోమవారం

అక్కయ్యగారికి,

అది డెమో. ఎవరూ లేనప్పుడు జనాన్ని పిలవడానికి మిషను దానంతటదే వాయించుకుంటుంది. బట్టల షాపు అద్దంలో బొమ్మకి డ్రెస్సు తొడిగి నిలబెడతారు. దాన్ని చూసి "ఈవిడెవరండీ, పలకరేం?" అని బావని అడుగుతావా? అడుగుతావు, అంత పనీ చేస్తావు నువ్వు.

ఆడకుండానే అంకెలు రాసుకుంటానా నేను? నలభై ఏళ్ళు కుట్టాను. ఇంకొకళ్ళ కుట్టు నాదని ఏనాడైనా చెప్పుకున్నానా? ఒకరోజు మొత్తం తిండి మానేసి ఏడ్చాను నీ ఉత్తరం చూసి. కోడలు అడిగితే కంట్లో నలుసన్నాను.

నీకు నా మాట మీద నమ్మకం లేకపోతే మళ్ళీ వెళ్ళు. సింగిల్ ఏమిటో, వర్సెస్ ఏమిటో, కోర్సు ఏమిటో, మేం ఆడే పెయిర్ ఏమిటో ఆ టోకెన్లావిడనే అడుగు. ఏదో ఒకటి తెలుసుకుని అప్పుడు నన్నను. నువ్వు అడగవులే. ఆవిడేమనుకుంటుందో అని గుమ్మంలోంచే తిరిగొచ్చేస్తావు.

ఇక రాయడానికేం లేదు.

నీ చెల్లెలు

బావకి నమస్కారాలు చెప్పు. ఆయన మీద నాకు కోపం లేదు.


ఏప్రిల్ 9, బుధవారం

చిన్నీ తల్లీ,

అడిగాను. గుమ్మంలోంచి రెండుసార్లు తిరిగొచ్చేసిన మాట నిజమే, మూడోసారి లోపలికెళ్ళాను. మధ్యాహ్నం పూట జనం ఉండరు. టోకెన్లావిడ నా వయసుకి నాలుగేళ్ళు తక్కువేమో, నడుముకి తాళాల గుత్తి, ఎదురుగా స్వెటరల్లిక. "మా చెల్లెలు దీంతో చెయ్యి బాగుచేసుకుంటోందమ్మా. ఇందులో ఎన్ని రకాలున్నాయో నాకు తెలియాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. అల్లిక పక్కన పెట్టి లేచింది. అంతమాత్రానికే నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

ముందు సింగిల్. తెరకి పైన ఆకుపచ్చగా ఒక పట్టీ ఉంటుంది చూడు. చుక్క తప్పినప్పుడల్లా అది తరుగుతుంది, మొత్తం తరిగితే పాట మధ్యలోనే ఆపి లేవమంటుంది. ఏ కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో నేను తేల్చుకునేలోపే నన్ను లేవమంది. మూడో తరగతిలో పలక లాక్కుని బయట నిలబెట్టారే, అలా అనిపించింది. నేనేం పాడుచేశానోనని భయమేసి, "విరిగిందా అమ్మా?" అన్నాను. "విరగలేదు అక్కగారూ, మీరే ఓడిపోయారు" అందావిడ.

తర్వాత వర్సెస్, అంటే పోటీ. ఒకటే పాట ఇద్దరూ కొట్టాలి, ఎవరి అంకె వాళ్ళకి. ఆవిడకి ఎనభై ఎనిమిది, నాకు పన్నెండు. "నేర్చుకుంటారు లెండి" అంది. పన్నెండుకి ఇంకేమంటుంది మరి. కోర్సు అంటే మూడు పాటలకీ కలిపి ఒకటే పట్టీ. అది నేను ముట్టుకోలేదు, చూస్తేనే ఆయాసం వచ్చింది.

ఇక పెయిర్. దానికి ఇద్దరు కావాలంటే, బయట బెంచీ మీద పేపరు చదువుకుంటున్న మీ బావని పిలిచాను. "నాకెందుకే ఈ వయసులో" అంటూనే వచ్చారు. ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం అని చెప్పిందావిడ. నేను ఎరుపు తీసుకున్నాను, ఆయన నీలం. బస్సు నడిపిన మనిషి కదా, రెప్ప వెయ్యకుండా చూస్తూ ఒక్క నీలం వదలకుండా కొట్టారు. నా ఎరుపుల్లో సగానికి సగం పోయాయి. పాట అయ్యాక తెర మీద డెబ్బై ఒకటి పడింది. ఒక్కటే అంకె. ఎవరివెన్నో విడిగా లేవు.

"మనకి డెబ్బై ఒకటి వచ్చిందే!" అన్నారు మీ బావ. నేను కొట్టింది చూస్తే నాకు ముప్పై కూడా రాకూడదు. కానీ ఆయనలా అనేసరికి ఒక్క క్షణం నాకూ వచ్చినట్టే అనిపించింది, గర్వంగా కూడా అనిపించింది. ఆ వెంటనే నువ్వు గుర్తొచ్చావు.

నీకు ఎరుపు, నీ కోడలికి నీలం. అంతేనా చిన్నీ?

నిన్ను దెప్పడానికి అడగడం లేదు. నువ్వు ఆడకుండా అంకెలు రాశావన్నాను చూడు, అది నా తప్పే. నువ్వు ఆడావు. నీకు చేతనైన సగం నువ్వు ఆడావు. నేనే పోయినసారి ఏమీ తెలియకుండా ఎగిరాను.

ఇంకా ఉంది, చదువు. టోకెన్లావిడని అడిగాను, "తప్పితే ఊరుకునే మోడ్ ఒక్కటి కూడా లేదా అమ్మా?" అని. "ఎందుకు లేదూ, ప్రాక్టీసు ఉంది. మార్కులు పడవు కాబట్టి ఎవరూ ఆడరు" అంది. తెర మీద అట్టడుగున ఉంటుంది, వేలు పెట్టి చాలా కిందకి జరపాలి. ఆడి చూశాను. చిన్నీ, అందులో పట్టీ లేదు. అంకె లేదు. నేను కొట్టినా చుక్కలొచ్చాయి, కొట్టకపోయినా వచ్చాయి. పాట చివరిదాకా వచ్చి దానంతటది ఆగింది. ఒకదాని తర్వాత ఒకటి మూడు పాటలు కూచున్నాను, ఎవ్వరూ నన్ను లేవమనలేదు. మూడో పాటలో ఒక అయిదారు పడ్డాయి కూడా. ఎన్ని పడ్డాయో ఎవరూ లెక్కపెట్టలేదని నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

నీ చెయ్యి మెల్లిగా లేచే చెయ్యి. సింగిల్‌లో అది లేచేలోపే ఆట ఆగిపోతోంది. పెయిర్‌లో దాని పని ఇంకొకరు చేసేస్తుంటే దానికి లేవాల్సిన అవసరం లేదు. నాకు తెలిసింది ఇంతే. పెద్దగా చదువుకున్నదాన్ని కాను, తప్పైతే ఫిజియోథెరపీ ఆవిడనడుగు, ఆవిడ సరేనంటేనే ఆడు. కోడలు లేనప్పుడు, ఆ షాపు పిల్లలు లేనప్పుడు వెళ్ళు.

కాజాలావిడకి నిజం చెప్పేశాను. ఇంటి నుంచి కొట్టు దాకా ఎలా నడిచానో నాకే తెలియదు. చేతిలో చొక్కాకి గుండీ కుట్టడం పూర్తిచేసి దారం తెంపింది. తర్వాత, "మే ఇరవై దాకా ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టను. అంతకు మించి నావల్ల కాదు" అంది. మంచి మనిషి. నేనైతే ఆ కోపంలో ఏమనేదాన్నో.

కోపం పోయుంటే రాయి. పోకపోయినా రాయి.

నీ అక్క


ఏప్రిల్ 24, గురువారం

అక్కా,

అంతే. నాకు ఎరుపు, దానికి నీలం.

తొలిసారి తొంభై ఆరు పడినప్పుడు కోడలు నా భుజం పట్టుకుని ఊపేసింది, షాపు పిల్లలు చప్పట్లు కొట్టారు. జబ్బు చేశాక నన్ను చూసి జాలిపడకుండా ఎవరైనా నవ్వారంటే అదే మొదలు. ఇంటికొచ్చి నీకు రాస్తుంటే ఆ అంకె పక్కన "ఇద్దరికీ కలిపి" అన్న ముక్క రాలేదు. కుడిచెయ్యి బాగానే ఉందిగా, రాయలేక కాదు. నువ్వు డెమో అనేసరికి ఒళ్ళు మండిపోయింది. నువ్వు పట్టుకున్నది అసలు దొంగతనం కాకపోయినా, దొరికిపోయిన దొంగలా ఉలిక్కిపడ్డాను. నలభై ఏళ్ళు కుట్టానని గొప్పలు రాశాను చూడు, ఆ ముక్క ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఫిజియోథెరపీ ఆవిడని అడిగాను. "మీ అక్కగారు నర్సా?" అంది. "కాదు, భయస్థురాలు" అన్నాను. ఎంతసేపైనా ఆడమంది, నొప్పి వస్తే ఆపమంది.

మొదటి రోజు మొదటి పాటంతా ఎడం చెయ్యి ఒళ్ళోనే ఉంది. రెండో పాటా ఒళ్ళోనే. నీలాలు వస్తున్నాయి, పోతున్నాయి, నేను చూస్తున్నాను. మూడో పాటలో మోచెయ్యి లేచింది, లేచి అక్కడే వణుకుతూ నిలబడింది. నాలుగో పాటలో కర్ర డప్పు మీద పడింది. నేను కొట్టానో, పట్టు జారి పడిందో తెలియదు. ఆ చుక్క వెళ్ళిపోయి చాలాసేపయింది. అయినా టప్‌మంది అక్కా. స్టూలు మీద కూచుని ఒక్కదాన్నే నవ్వాను.

అప్పట్నుంచీ రోజూ వెళ్తున్నాను. మూడు పాటలు దానికి మేలుకోవడానికే సరిపోతాయి, ఆ తర్వాత పలుకుతుంది. మధ్యలో ఒకరోజు అసలు లేవలేదు. ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు మళ్ళీ లేచింది. కోడలు వచ్చి చూసి, "నీలం నేను కొట్టనా అత్తయ్యా, మీరు అలిసిపోయారు" అంది. వద్దన్నాను. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను గానీ, అది తన స్టూలు వెనక్కి జరుపుకుని కూచుంది.

నిన్న సింగిల్ ఆడాను. లేవమనలేదు, పట్టీలో చివర్న గోరంత మిగిలింది. ముప్పై ఎనిమిది వచ్చింది. ఇది మొత్తం నాదే. కాజాలావిడకి చెప్పదలుచుకుంటే ఈ అంకె చెప్పు.

డప్పు కొట్టడం వేరు, గుడ్డ నడపడం వేరు. అది ఇంకా మొదలుపెట్టలేదు, ధైర్యం చాలడం లేదు.

చిన్ని


మే 8, గురువారం

అక్కా,

పార్సిల్లో ఒక జేబు ఉంది. చొక్కా జేబు, యూనిఫారం కొలత. పక్కింట్లో కుట్టు మిషను ఉంటే అడిగి కూచున్నాను. ఎడం చేత్తోనే గుడ్డ నడిపాను. అయిదు పాడుచేశాను, ఇది ఆరోది. పనికొస్తుందో రాదో కాజాలావిడని చూడమను. నేనడిగానని చెప్పకు. సరే, చెప్పినా ఫరవాలేదు.

చి.


మే 13, మంగళవారం

చిన్నీ,

పార్సిలు నిన్న మధ్యాహ్నం వచ్చింది. విప్పడానికి చేతులాడక మీ బావకిచ్చాను. ఆయన కత్తెర పట్టుకుంటే, లోపల గుడ్డ తెగుతుందని భయమేసి మళ్ళీ నేనే లాక్కున్నాను.

కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గర కూచుని చూశాను. కుట్టు ఒక పక్క తిన్నగా దిగింది. అడుగున రెండంగుళాలు వంకర పోయింది, మళ్ళీ దారికొచ్చింది. అవతలి పక్క పైకి వెళ్ళేటప్పుడు ఇంకోసారి కాస్త తొణికింది. ఆ వంకర మీద వేలు పెట్టి ఎంతసేపు కూచున్నానో. తొంభై ఆరంత తిన్నగా ఉండుంటే ఎవరు కుట్టారో అని మళ్ళీ కుమిలేదాన్ని. నలభై ఏళ్ళలో నువ్వు కుట్టింది ఇంత వంకరగా నేనెప్పుడూ చూడలేదు, అందుకే చూడగానే నమ్మాను.

వెంటనే చెప్పులేసుకుని కొట్టుకి వెళ్ళాను. కాజాలావిడ జేబు తిరగేసింది, మూలలు రెండు వేళ్ళతో పట్టి గట్టిగా లాగింది. నా ప్రాణం ఆ మూలల్లో ఉంది. కుట్టు ఊడలేదు.

"మూలలు గట్టిగానే ఉన్నాయి. కాలర్లు, చేతులు నేను చూసుకుంటాను. మా అక్క కూతురొకత్తె ఖాళీగా ఉంది, దాన్నీ రమ్మంటాను. జేబులు మాత్రం ఈవిడవే, ఒక చొక్కాకి ఒక జేబు. నింపాదిగా కుట్టుకోమనండి" అంది.

"వంకర ఉంది కదమ్మా?" అన్నాను. ఎందుకన్నానో, నా నోటికి ఊరుకోవడం రాదు.

"ఉంది. విప్పి మళ్ళీ వేసుకుంటుంది. దర్జీ పనిలో సగం విప్పడమేగా," అంది, జేబు సొరుగులో పెట్టుకుంటూ. నేను తిరిగి అడిగితే ఇవ్వలేదు.

ఆదివారం నీ కొడుకు నిన్ను దింపుతాడని మీ బావ ఫోన్లో మాట్లాడారు. నువ్వు మా ఇంట్లోనే ఉండు, కొట్టుకి నడక దూరమే. సినిమా హాలు పక్కనుంచే దారి. టోకెన్లావిడకి నువ్వు వస్తున్నావని చెప్పాను. ప్రాక్టీసు ఎక్కడుందో తెర మీద నేనే చూపిస్తానులే, నాకిప్పుడు వెతుక్కోకుండానే దొరుకుతుంది.

ఇంకేం రాయను? ఎప్పుడూ కాగితం చాలదు నాకు, ఇవాళ సగం మిగిలిపోయింది. భయపడి అడగాల్సినవి ఏమీ తోచడం లేదు. ఇలా ఏమీ తోచకపోవడమేమిటా అని ఇందాకట్నుంచీ కొంచెం భయంగా ఉంది.

మీ అక్క